ఆస్పత్రిలో లేని మనిషి

ఆ వేసవి అంతా మా ఆయన ఆస్పత్రిలో ఉన్నాడా, లేడా అని ఈ దేశంలో సగం మంది జుట్లు పట్టుకున్నారు. మా ఆయన్ని అడిగిన పాపాన మాత్రం ఒక్కరూ పోలేదు.

జూన్ రెండో సోమవారం మొదలైంది ఈ గొడవ. ఆర్వో కుర్చీలో కాళ్ళు చాపుకుని సాయంత్రం వార్తలు చూస్తున్నాడు. నేను వంటింట్లో పాస్టీలకి, అంటే మాంసం, దుంపలు కూరిన పెద్ద కజ్జికాయల్లాంటి వాటికి, పిండి వత్తుతున్నాను. వార్తల చివర డెన్నీ లకోమ్ ‘నిజమేనా?’ అని ఓ అయిదు నిమిషాల ముక్క చేస్తాడు. ఎవరో ఒకరు అన్న మాట తీసుకుంటాడు. నిజమైతే ట్రౌట్ చేపని బల్ల మీద పెడతాడు, అబద్ధమైతే బకెట్లోకి విసిరేస్తాడు. ప్లాస్టిక్ చేపే. కానీ మా ఊళ్ళో పిల్లలు కూడా అబద్ధం చెప్పినవాణ్ణి ‘బకెట్లో పడ్డావురా’ అని ఏడిపిస్తారు.

“ఏమే ఐలీ, ఇటు రా. నేను టీవీలో ఉన్నాను,” అని కేకేశాడు ఆర్వో.

పిండి చేతులతోనే పరిగెత్తాను. తెర మీద మా ఆయనే. మారెన్ అనే అమ్మాయి మా ఊళ్ళో తీసిన సినిమాలోంచి ముందుగా వదిలిన ముక్క అది. ఫిబ్రవరిలో పొడుగు కర్రతో ఇంటికప్పు మీది మంచు లాగుతూ ఎలా జారిపడ్డాడో, తుంటి ఎముక ఎలా చిట్లిందో చెబుతున్నాడు. వెనక సినిమా గొంతు వినిపించింది. “ఆర్వో కంగాస్‌ని ఆస్పత్రిలో చేర్చుకుని నాలుగు రోజులు ఉంచారు. అయినా ఆ తర్వాతి ఫిజియోథెరపీకి ప్రభుత్వ బీమా ఒప్పుకోలేదు.”

అక్కడ ఆపాడు డెన్నీ. “ఆస్పత్రిని అడిగాం. ఈ మనిషిని వాళ్ళు ఫిబ్రవరిలో చేర్చుకోనే లేదట,” అని చేపని తోక పట్టుకుని ఎత్తి బకెట్లో వేశాడు. సినిమా కోసం ఆర్వో స్వయంగా సంతకం పెట్టిన అనుమతి కాగితం చూసుకునే ఆస్పత్రి నోరు విప్పింది.

ఆర్వో ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు.

“వీడికేమైనా మతిపోయిందా? ఫోన్ చేసి చెప్పు వాడికి. నువ్వు చూశావుగా.”

చూడకేం? ఆయన చేతికి కట్టిన పట్టీ మీద పేరు చూశాను. వీపు మీద ముడి నిలవని ఆస్పత్రి గౌను చూశాను. రోజూ తెచ్చిపెట్టిన ఎర్ర జెల్లీ ఈయన ముట్టకపోతే నేనే తిన్నాను. ఇంకేం చూడాలి?

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు మా ఊరి పత్రికలో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. రెండో పేజీ కింద ‘దిద్దుబాట్లు’ అని వచ్చేదంతా నేను రాసిందే. ఫలానా పెళ్ళికూతురి తల్లి పేరు తప్పు వేశాం, ఫలానా ఆటలో గోలు కొట్టింది అన్న కాదు తమ్ముడు, చింతిస్తున్నాం అని. విలేకరి ఎవడైనా వచ్చి ‘నేనే చూశానండీ’ అంటే, ‘నువ్వు చూసింది నాకెందుకు, కాగితం తే’ అనేదాన్ని. ఆ మాటకే నన్ను చూసి జడుసుకునేవాళ్ళు.

నిరుడు అంతా మారెన్ హాల్వర్సన్ మినియాపోలిస్ నుంచి కెమెరా మోసుకుంటూ మా ఊరు తిరిగింది. ముప్ఫై నిండని పిల్ల, నిజాయితీ గల పిల్ల. చిన్న ఊళ్ళలో వైద్యం గురించి సినిమా. మా ఊరి భాగంలో ప్రతి మాటా సరిచూసి పెట్టమని నన్ను అడిగింది. ఆ తర్వాత మా ఆయన పడ్డాడు, ఆయన కూడా సినిమాలోకి ఎక్కాడు. మొత్తం నూట పన్నెండు వాక్యాలు. ప్రతి వాక్యానికీ ఒక అంకె, అంకె ఎదురుగా ఆధారం. నూట పదకొండింటికి కాగితాలు పెట్టాను. నలభై ఏడో వాక్యం మా ఆయనది. దాని ఎదురుగా ‘నేను కళ్ళారా చూశాను’ అని రాసి సంతకం చేశాను. నా కింద పనిచేసినవాళ్ళు ఎవరైనా ఆ పని చేసి ఉంటే వాళ్ళ చెవి మెలేసేదాన్ని.

ఆ సాయంత్రమే మారెన్ ఫోన్ చేసింది.

“ఐలీగారూ, మన దగ్గర ఆధారం ఉందిగా?”

“ఉంది.”

“ఏమిటండీ అది?”

“నేనే.”

“మీరంటే... మీరా?”

“కంగారు పడకు. రేపు పొద్దున్నే వెళ్ళి కాగితం తెస్తాను.”

“సెప్టెంబర్లో దేశమంతా టీవీలో వేస్తున్నారండీ. ఛానల్ లాయర్లు అప్పుడే రెండుసార్లు ఫోన్ చేశారు.”

“లాయర్లకి ఇంకేం పనుంటుంది,” అన్నాను. ధైర్యంగానే అన్నాను.

మర్నాడు ఆస్పత్రి కింది అంతస్తులో రికార్డుల గదికి వెళ్ళాను. అక్కడ నోర్మా ఉంటుంది, చర్చిలో నా పక్క వరసలో కూర్చుని పాటలు శ్రుతి తప్పి పాడే మనిషి. కంప్యూటర్లో చూసింది. మళ్ళీ చూసింది. కళ్ళజోడు తుడుచుకుంది.

“చెబితే కోప్పడవుగా ఐలీ?”

“చెప్పకపోతే కోప్పడతాను.”

“ఆర్వోని చేర్చుకోలేదు. పరిశీలనలో పెట్టారు.”

“ఎక్కడ పెట్టారు?”

“నాలుగో అంతస్తులో.”

“ఆ నాలుగో అంతస్తు ఎక్కడుంది?”

“ఇక్కడే. మన నెత్తి మీదే.”

“ఇక్కడంటే ఏమిటి? ఆస్పత్రేనా, చేపల మార్కెట్టా?”

“అరవకే తల్లీ. ఆస్పత్రిలో ఉన్నాడు, చేరలేదంతే. చేర్చుకోవాలంటే డాక్టరు ఆర్డరు రాయాలి. అది రాయకపోతే మనిషి ఎన్నాళ్ళున్నా వచ్చిపోయే రోగి కిందే జమ.”

“నాలుగు రాత్రులూ వచ్చిపోయాడా?”

“కాగితం ప్రకారం,” అంది నోర్మా, కంప్యూటరు వైపే చూస్తూ.

మూడు రోజులు ‘చేరి’ ఉంటేనే ఆ పైన ఫిజియోథెరపీ కేంద్రంలో ఉండటానికి బీమా వర్తిస్తుందట. ఫిబ్రవరిలో మాకొచ్చిన ఉత్తరంలో ‘అర్హత నియమాలు పూర్తి కాలేదు’ అని ఒక్క ముక్కే ఉంది. ఆపరేషన్ జరగలేదు కదా, అందుకేనేమో అనుకున్నాను. తిట్టుకుంటూ మడిచి సొరుగులో పడేశాను. ఆర్వోని ఇంటికి తెచ్చుకుని, లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకంలో బొమ్మలు చూసి నేనే ఆయన కాలు ఆడించాను. బొమ్మలు చూసి బాగుచేసిన కాలు ఎలా ఉంటుంది? ఈడుస్తూ నడుస్తాడు.

అంటే డెన్నీ చెప్పింది నిజం. సినిమా చెప్పింది తప్పు. ఆ తప్పుకి సంతకం నాది. నోర్మా ఇచ్చిన కాగితాలు పట్టుకుని మెట్లెక్కుతుంటే నాకు ఎవరిమీద కోపం రావాలో కూడా తెలియలేదు. అందరిమీదా వచ్చింది.

ఇంటికొచ్చేసరికి ఆర్వో వరండాలో గేలాలు వేరుచేసుకుంటూ కూర్చున్నాడు.

“తెచ్చావా?”

“తెచ్చాను.”

“వాడి మొహాన కొట్టు.”

“ఆర్వో, వాడు చెప్పింది నిజమేనయ్యా. నిన్ను చేర్చుకోలేదు.”

అంతా విడమరిచి చెప్పాను. పరిశీలన అంటే ఏమిటో, చేరడం అంటే ఏమిటో. ఆయన చేతిలో గేలం తిప్పుతూ విన్నాడు. గనిలో నలభై ఏళ్ళు కరెంటు పని చేసిన మనిషి, ఏ తీగ ఎక్కడికి పోతుందో ఒక్కసారి చెబితే పట్టేస్తాడు. ఇది మాత్రం పట్టలేదు.

“అంటే నేను అబద్ధం ఆడానా?”

“నువ్వు ఆడలేదు. సినిమాలో మాట తప్పు.”

“సినిమాలో ఉన్న మొహం నాది.”

“మాట తప్పంటున్నాను, నిన్ను కాదు.”

“నా పక్కన కుర్చీ వేసుకుని నాలుగు రాత్రులూ కూర్చున్నదెవరు? నువ్వే కదా. ఇప్పుడు నువ్వు కూడా నేను లేనంటావా?”

“కాగితంలో అలా...”

“అయితే కాగితంతోనే కాపురం చెయ్యి,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ట్రక్కులో పరుపు, కాఫీ డబ్బా, గేలాల పెట్టె వేసుకుని క్యాంపుకి వెళ్ళిపోయాడు. క్యాంపు అంటే సరస్సు ఒడ్డున మా మామగారు కట్టిన ఒంటిగది చెక్కిల్లు, పక్కన ఆవిరిస్నానానికి ఇంకో చిన్న గది. మా వైపు మగవాళ్ళు అలిగితే అరవరు, సరస్సుకి పోతారు. నాలుగు రోజుల్లో దోమలు తరిమితే తిరిగొస్తాడనుకున్నాను. రాలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన నన్ను అడిగింది ఒకే ఒక్క సాక్ష్యం, అది నేను చెప్పలేదు. నిజం చెప్పినందుకు ఇంట్లో మనిషి పోయాడు, ఇదేం న్యాయమో నాకర్థం కాలేదు.

శనివారం శనివారం పాస్టీలు కట్టుకుని వెళ్ళేదాన్ని. తలుపు తీసి పొట్లం అందుకునేవాడు. “థాంక్స్,” అనేవాడు, ఉత్తరాలు తెచ్చిన మనిషితో అన్నట్టు. తలుపేసుకునేవాడు.

ఇక జూలైలో ఆ చేప మా ఊరి బకెట్లోంచి ఎగిరి దేశం మీద పడింది. డెట్రాయిట్ పత్రిక ఒకటి ‘సినిమాలో రోగి, ఆస్పత్రిలో లేడు’ అని వేసింది. వాషింగ్టన్లో ఏదో సంస్థ ఎనిమిది పేజీల నివేదిక రాసింది. మారెన్ సినిమా మొత్తం ఇలాంటి కట్టుకథలేనని అందులో తేల్చారు. ఇంకో సంస్థ ఆ నివేదికలో ఆరు తప్పులు పట్టి తన నివేదిక వదిలింది. మూడోవాడు ఆ ఆరింటిలో రెండు తప్పులు కావన్నాడు. రేడియోలో ఒకాయన గంటసేపు మా ఆయన గురించి గొంతు చించుకున్నాడు, పేరు మాత్రం చివరిదాకా ఆర్నో అనే అన్నాడు. సినిమా వైపు వాళ్ళకి ఆయన పేదవాడు. ఆస్పత్రి వైపు వాళ్ళకి ఆయన నటుడు. ఒక్కడంటే ఒక్కడు ‘కాలు ఎలా ఉంది?’ అనలేదు.

ఒక వెబ్‌సైటువాళ్ళు ఏకంగా చంపేశారు. చికిత్స అందక ఆర్వో కంగాస్ కన్నుమూశాడట. కింద రెండు వందలమంది సంతాపం చెప్పారు. ఫోన్ చేశాను.

“మా ఆయన బతికే ఉన్నాడు. తీసేయండి,” అన్నాను.

“అలాగేనమ్మా. బతికున్నట్టు ఏదైనా ఆధారం పంపగలరా?” అంది అవతలి అమ్మాయి, చాలా మర్యాదగా.

ఫోన్ పెట్టేసి వంటింట్లో కూర్చుని పళ్ళు కొరికాను. అలా అడగమని జీవితమంతా నేనే కదా నేర్పాను అందరికీ.

డెన్నీ కూడా ఒకరోజు కెమెరాతో మా వరండాలోకి వచ్చాడు. వాడికి ఉద్యోగం నేర్పింది నేను. పత్రికలో రెండేళ్ళు నా బల్ల ఎదురుగా కూర్చుని వణికిపోయేవాడు. ఇప్పుడు టై కట్టాడు.

“కెమెరా ట్రక్కులో పెట్టి రా, కాఫీ ఇస్తాను,” అన్నాను.

పెట్టి వచ్చాడు. “నా మీద కోపమా ఐలీ ఆంటీ? మీరు చెప్పిందేగా నేను చేశాను. చూసింది కాదు, కాగితం తెమ్మనేవారు.”

“చెప్పాను. తెచ్చాక దాన్ని చదవమని కూడా చెప్పాను. అది మర్చిపోయావు.”

“చదివాను. చేర్చుకోలేదని ఉంది.”

“నాలుగు రాత్రులు మంచం మీదున్న ముసలాణ్ణి ఎందుకు చేర్చుకోలేదని అడిగావా?”

కాఫీ ఊదుకున్నాడు. “అది వేరే విషయం ఆంటీ. నా ముక్క అయిదు నిమిషాలే కదా.”

“అసలు విషయం అదేరా వెధవా!”

“దానికి ఎవరో పెద్ద సినిమా తీయాలి,” అన్నాడు. తీశారురా, దాన్నే నువ్వు బకెట్లో వేశావు అన్నాను. నిజంగానే ఇబ్బందిపడ్డాడు. ఇబ్బందిపడి, కాఫీ తాగి, వెళ్ళిపోయాడు. మర్నాడు వాడి ముక్కలో పాల ధర గురించి చెప్పాడు.

ఆగస్టు మొదటివారంలో మారెన్ ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది.

“లాయర్లు ఆర్వోగారి భాగం మొత్తం తీసేయమంటున్నారండీ.”

“తీసేస్తే ఏమవుతుందో తెలుసా నీకు? అబద్ధం ఆడి దొరికిపోయాడు, అందుకే తోసేశారు అనుకుంటారు. ఆయన ఇంక ఈ ఊళ్ళో కాఫీ తాగడానికి కూడా పోలేడు. సరైన మాట పెడితే సరిపోతుందిగా?”

“సరైన మాటకి నలభై సెకన్లు పడుతోందండీ. తప్పు మాటకి ఆరు సెకన్లే పట్టింది. అన్ని సెకన్లు లేవంటున్నారు.”

“నేను రాసిస్తాను. ఆయన్ని తీయకు.”

ఆ మధ్యాహ్నమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో కొన్ని వేల దిద్దుబాట్లు రాశాను, ఒక్కోదానికీ రెండు నిమిషాలు. దీనికి నాలుగు గంటలు పట్టింది. చివరికి ఇలా వచ్చింది. ‘ఆర్వో కంగాస్‌ని ఆస్పత్రి చేర్చుకోలేదు. నాలుగు రాత్రులు తన మంచం మీద పడుకోబెట్టి, తన మందులిచ్చి, తన పట్టీ చేతికి కట్టి, పరిశీలనలో ఉన్నాడని రాసుకుంది. ఆ సంగతి ఆయనకి గానీ భార్యకి గానీ చెప్పలేదు. దానివల్లే ఆయనకి ఫిజియోథెరపీ అందలేదు.’ ప్రతి మాటకీ కాగితం ఉంది. ప్రతి మాటలో ఆర్వో ఉన్నాడు. మారెన్ చదివి ఏడ్చింది. నాక్కూడా కొంచెం గర్వంగానే అనిపించింది. ఇది చూస్తే ఇంటికొస్తాడు అనుకున్నాను.

టీవీలో వేసేముందు సినిమాని మా ఊళ్ళో మా తాతలు కట్టుకున్న ఫిన్నిష్ సంఘం హాల్లో చూపించారు. ఆగస్టు మూడోవారం, మధ్యాహ్నం మూడింటికి. మడత కుర్చీలన్నీ నిండిపోయాయి. ముందు వరసలో డెన్నీ, మారెన్, నేను. ఆర్వో వస్తాడో రాడో అని తలుపు వైపే చూస్తున్నాను. దీపాలు ఆర్పేముందు వచ్చాడు. క్యాంపులో ఇస్త్రీపెట్టె లేదు, చొక్కా పరుపు కింద పెట్టి మడతలు తీసినట్టున్నాడు. కర్ర పట్టుకుని వెనక వరసలో కూర్చున్నాడు.

మా ఆయన మొహం వచ్చింది. మంచు సంగతి చెప్పాడు. తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు పడ్డాయి.

‘దిద్దుబాటు. ఆర్వో కంగాస్‌ని ఆస్పత్రిలో చేర్చుకోలేదు. పరిశీలనలో ఉంచారు.’

అంతే. మిగతాదంతా లాయర్లు తినేశారు. మారెన్ వైపు తిరిగాను. “నిన్న పంపారండీ, మార్చడానికి వీల్లేదన్నారు, మీకెలా చెప్పాలో తెలియలేదు,” అని గుసగుసగా అంది. నాకు చెప్పలేదట! ఈ ప్రపంచంలో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పరు, అందరి మాటలూ సరిగ్గానే ఉంటాయి.

వెనకనుంచి ఎవడో ‘బకెట్లో పడ్డాడు’ అన్నాడు. నాలుగైదు నవ్వులు వినిపించాయి.

దీపాలు వెలిగాక మా చర్చి ముసలమ్మ లెంపి సారెలా లేచి, “పరిశీలన అంటే ఏమిటమ్మా?” అని అడిగింది. మారెన్ మొదలుపెట్టింది. చేరిన రోగి, చేరని రోగి, డాక్టరు ఆర్డరు, మూడు రోజుల నియమం. మూడో వాక్యానికి జనం కాఫీ బల్ల వైపు కదిలారు. బల్ల మీద ఏలకుల రొట్టె ఉంది మరి. డెన్నీ నా చెయ్యి ఊపేసి, “ఇప్పుడు సినిమాలో తప్పేం లేదు ఆంటీ,” అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. వాణ్ణి ఆ కాఫీ గిన్నెలో ముంచాలనిపించింది.

ఆర్వోని బయట మెట్ల దగ్గర పట్టుకున్నాను.

“అది నేను రాసింది కాదయ్యా. నాలుగు వాక్యాలు రాశాను, వాళ్ళు...”

“చదివాను. తప్పులేం లేవు,” అన్నాడు. “నేనే లేను అందులో.”

ట్రక్కెక్కడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. చెయ్యి ఇవ్వబోతే వద్దన్నాడు. మూడోసారి ఎక్కి వెళ్ళిపోయాడు. నేను హాల్లోకి వెళ్ళి మడత కుర్చీలు సర్దాను, ఒక్కోదాన్నీ గట్టిగా గోడకేసి కొడుతూ.

ఆ తర్వాత రెండు శనివారాలు పొట్లం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేశాను. సెప్టెంబరు మొదటి శనివారం వెళ్ళేసరికి తలుపు తెరిచే ఉంది. ఆర్వో ఆవిరిగది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, ఒక కాలు పక్కకి పెట్టుకుని. మొహం పాలిపోయి ఉంది.

“ఎంతసేపైంది?” అన్నాను.

“తెల్లారినప్పటినుంచి. జారింది.”

“ఫోన్ చెయ్యొచ్చుగా?”

“ఇక్కడ సిగ్నల్ ఎక్కడ ఏడ్చింది?”

రోడ్డు మీదికి పరిగెత్తి అంబులెన్సుని పిలిచాను. పదకొండింటికల్లా ఆయన్ని నాలుగో అంతస్తులో మంచం మీద పడుకోబెట్టారు. ఎక్స్‌రే తీశారు. పాత పగులు మళ్ళీ విచ్చుకుంది. చేతికి పట్టీ కట్టారు, సూది గుచ్చారు, గౌను తొడిగారు. నేను నర్సుని ఒకే ప్రశ్న అడిగాను.

“ఈయన్ని చేర్చుకున్నారా?”

“అది డాక్టరుగారు చూసుకుంటారమ్మా. మీరు కంగారు పడకండి.”

డాక్టరు గుమ్మంలోంచి తొంగిచూసినప్పుడు ఆయన్నీ అడిగాను. “చూద్దామమ్మా, రెండ్రోజులు పోనివ్వండి,” అని వెళ్ళిపోయాడు. రెండింటికి ఇంకో నర్సు వచ్చింది. ఆమెకీ తెలియదు. కంప్యూటర్లో ఉంటుందట, ఆ పేజీ ఆమెకి తెరుచుకోదట. అప్పుడు మంచం పక్క ఫోన్ అందుకుని, కింద రోగుల్ని చేర్చుకునే బల్లకి చేశాను.

“కంగాస్. ఆర్వో కంగాస్. చేర్చుకున్నారా?”

టకటకా కొట్టిన చప్పుడు వినిపించింది. “చేరినవాళ్ళలో ఆ పేరు లేదండీ.”

ఆర్వో కళ్ళు మూసుకునే ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను.

“ఏమంటోంది?” అన్నాడు.

“నువ్వు లేవంటోంది.”

కళ్ళు తెరిచాడు. జూన్ నుంచి అంతసేపు నా మొహంలోకి చూడలేదు ఆయన.

“మరి నువ్వేమంటావు?”

అటు పక్క ఆ అమ్మాయి, “హలో, హలో, ఉన్నారా?” అంటోంది. నా దగ్గర ఒక్క కాగితం లేదు. ఒళ్ళు మండింది.

“ఉన్నాడమ్మా,” అన్నాను. “మా ఆయన ఇక్కడే ఉన్నాడు. నాలుగో అంతస్తు, తొమ్మిదో గది, కిటికీ పక్క మంచం. మీ సూది ఆయన చేతికుంది. మీ గౌను ఆయన ఒంటి మీదుంది. నేను చూస్తున్నాను, నా పేరు ఐలీ కంగాస్. రాసుకో.”

“అలా కుదరదండీ, డాక్టరు ఆర్డరు ఉంటేనే...”

“అయితే డాక్టర్ని పంపించు. ఆయన వచ్చి మీ కాగితం దిద్దేదాకా నేను ఫోన్ పెట్టను. మా ఆయన ఉన్నాడు.”

గుమ్మంలో నర్సు ఆగిపోయి చూస్తోంది. పక్క మంచం ముసలాయన టీవీ గొంతు తగ్గించాడు. ఆర్వో సూది లేని చేత్తో దుప్పటి సర్దుకున్నాడు.

“ఇంకొంచెం గట్టిగా చెప్పు,” అన్నాడు.